అసెట్టో కోర్సాకు కొత్త కార్లు: ఏవి దించుకోవాలి, ఏవి వదిలేయాలి

అసెట్టో కోర్సా 2014 డిసెంబరులో వచ్చిన కారు రేసుల కంప్యూటరు ఆట. తయారుచేసింది ఇటలీ కంపెనీ కూనోస్ సిములాజియోని. అదే కంపెనీ తర్వాత ఇదే వరసలో అసెట్టో కోర్సా కాంపెటిజియోనె తెచ్చింది, 2025 జనవరిలో అసెట్టో కోర్సా ఈవోను తొలి దశలో విడుదల చేసింది. అయినా నెల్లూరులోనో ఒంగోలులోనో కావలిలోనో కొత్తగా స్టీరింగు, పెడళ్లు కొనుక్కుని ఏ ఆట వేసుకోవాలని అడిగేవాళ్లకు మొదట చెప్పాల్సిన పేరు ఇప్పటికీ ఈ పాత ఆటదే. కారణం కార్లు. బయటివాళ్లు తయారుచేసిన కార్లను ఇంత సులువుగా, ఇంత లోతుగా తనలో కలుపుకునే రేసింగ్ సిమ్ (నిజం కారులా నడిచే రేసు ఆట) నా లెక్కలో ఇంకోటి లేదు. చిక్కు కూడా ఆ సులువులోనే ఉంది. దొరికిన కారల్లా వేసుకుంటూ పోతే జాబితా వందలు దాటుతుంది గానీ, వాటిలో చాలా కార్లు పైరంగు మార్చుకున్న ఒకే కారులా నడుస్తాయి. అందుకే ఈ సమీక్షలో ఆట కంటే కార్లు చేర్చే పద్ధతికి, మంచి మోడ్‌ను (బయటివాళ్లు చేసి ఆటకు కలిపేదాన్ని మోడ్ అంటారు) నాసి మోడ్ నుంచి విడదీయడానికి ఎక్కువ చోటు ఇచ్చాను.

కొనాల్సింది స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో దొరికే పీసీ వెర్షన్, అందులోనూ అల్టిమేట్ ఎడిషన్. 2016లో ప్లేస్టేషన్ 4కు, ఎక్స్‌బాక్స్ వన్‌కు వచ్చిన వెర్షన్లలో బయటి కార్లు చేర్చే వీలే లేదు. పాత డిస్కు చవగ్గా వస్తోందని తీసుకుంటే ఇక్కడ చెప్పేదేదీ మీకు పనికిరాదు. అల్టిమేట్‌లో డ్రీమ్ ప్యాకులు, జపనీస్ ప్యాకు, రెడ్ ప్యాకు, 3 పోర్షే ప్యాకులు, అంటే విడిగా అమ్మిన అదనపు కార్ల మూటలు, అన్నీ కలిసే వస్తాయి. అవి ఉండటం మోడ్‌ల కోసం కూడా అవసరం. కొన్ని మోడ్ కార్లు ఇంజిన్ శబ్దాన్ని కూనోస్ కార్ల నుంచి అరువు తెచ్చుకుంటాయి, ఆ కారు మీ దగ్గర లేకపోతే మోడ్ మూగగా నడుస్తుంది. స్టీమ్ సేల్ పెట్టినప్పుడు ధర బాగా దిగుతుంది, యూపీఐతో కట్టొచ్చు.

మోడ్‌ల జోలికి వెళ్లే ముందు పెట్టెలో ఉన్న కార్లను ఓపిగ్గా నడపండి. అబార్త్ 595 ఎస్ఎస్ లాంటి బుల్లి కారు, మాజ్దా ఎంఎక్స్-5, బీఎండబ్ల్యూ ఎం3 ఈ30, లోటస్ 49, ఫెరారీ ఎఫ్2004, పోర్షే 917కే, మాజ్దా 787బీ, పోర్షే 919 హైబ్రిడ్ అన్నీ ఇందులోనే ఉన్నాయి. ఇవి ఒకదానితో ఒకటి పోలవు. 595తో మలుపులోకి వేగం మోసుకెళ్లకపోతే బయట మళ్లీ పుంజుకోదు. లోటస్ 49కి రెక్కలు లేవు, టైర్లు జారుతూనే దారి పట్టాలి. 919లో ఎంత వేగంగా వెళ్తే అంత పట్టు. ఈ తేడా మీ చేతులకు తెలిశాకే బయటి కారును తూచగలరు. కూనోస్ కార్లే మన తూనికరాళ్లు.

కావాల్సిన పనిముట్లు రెండు. మొదటిది కంటెంట్ మేనేజర్, ఆటతో వచ్చే పాత మెనూ బదులు వాడే ప్రోగ్రాము. రెండోది కస్టమ్ షేడర్స్ ప్యాచ్, ఆట ఇంజిన్‌కే కొత్త సామర్థ్యాలు కలిపే ప్యాచ్. రెండూ ఉచితంగానే మొదలుపెట్టొచ్చు. కంటెంట్ మేనేజర్ పూర్తి వెర్షన్‌కు చిన్న విరాళం అడుగుతారు. ప్యాచ్‌లో వాన కావాలంటే తయారీదారులకు నెలనెలా చందా కట్టే పేట్రియాన్ సైటులో చందా కట్టి ప్రివ్యూ వెర్షన్ తీసుకోవాలి. ఇక్కడ మనవాళ్లు తరచూ ఆగిపోయేది కార్డు దగ్గర. 2020 మార్చి నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కొత్త కార్డులు దేశంలోపలి లావాదేవీలకే తెరిచి ఇస్తారు. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ ఆన్‌లైన్ లావాదేవీలు ఆన్ చేసి, పరిమితి చిన్నదిగా పెట్టుకుని కట్టండి, పని కాగానే మళ్లీ ఆపేయండి.

వరస ముఖ్యం. ఆట దిగాక పాత మెనూతోనే ఒకసారి తెరిచి, ఏదో ఒక కారుతో ట్రాకు మీదకు వెళ్లి బయటికి రండి. డాక్యుమెంట్స్‌లో అసెట్టో కోర్సా ఫోల్డరు, అందులో సెట్టింగుల ఫైళ్లు అప్పుడే తయారవుతాయి. తర్వాత కంటెంట్ మేనేజర్‌ను దాని అసలు సైటు నుంచి దించి, జిప్ విప్పి, ఆట ఉన్న ఫోల్డరు చూపించండి. స్టీమ్‌యాప్స్, కామన్, అసెట్టోకోర్సా అనే దారిలో ఉంటుంది అది. ఆ పైన సెట్టింగ్స్‌లో కస్టమ్ షేడర్స్ ప్యాచ్ పేజీకి వెళ్లి, సిఫారసు చేసిన వెర్షన్ ఎక్కించండి. ఒక్కో అడుగు తర్వాత ఆటను తెరిచి చూసుకోవాలి. అన్నీ ఒకేసారి వేసి ఆట తెరుచుకోకపోతే తప్పు ఎక్కడుందో వెతకడానికే సాయంత్రం పోతుంది.

ఇక కారు చేర్చడం. జిప్, 7జిప్, రార్ ఏదైనా సరే, ఫైలును విప్పకుండానే కంటెంట్ మేనేజర్ కిటికీ మీదకు లాగి వదలండి. పైన కుడివైపు మెనూలో సూచన వెలుగుతుంది, దాన్ని నొక్కి ఇన్‌స్టాల్ అనాలి. కారు ఇంతకు ముందే ఉంటే పాతదాని మీద రాయాలా, పాతది తీసేసి శుభ్రంగా వేయాలా అని అడుగుతుంది. కొత్త వెర్షన్ అయితే ఎప్పుడూ శుభ్రంగా వేయడమే ఎంచుకోండి. పాత వెర్షన్ ఫైళ్లు కొన్ని మిగిలి కొత్తవాటితో కలిస్తే బ్రేకులు ఒక వెర్షన్‌వి, టైర్లు ఒక వెర్షన్‌వి అయి కూర్చుంటాయి, కారు ఎందుకు తేడాగా నడుస్తోందో అంతుపట్టదు. ఇన్‌స్టాల్ మధ్యలో కరెంటు పోయినా మందు ఇదే: తీసేసి మళ్లీ వేయాలి. యూపీఎస్ లేని ఇంట్లో వర్షాకాలం సాయంత్రాలు పెద్ద ప్యాకులు వేయకపోవడం మంచిది.

చేత్తో వేసేవాళ్లు కంటెంట్ ఫోల్డరులోని కార్స్‌లో పెట్టాలి. అక్కడ జరిగే పొరపాటు దాదాపు ఎప్పుడూ ఒకటే. జిప్ విప్పినప్పుడు కారు పేరుతో ఫోల్డరు, దాని లోపల మళ్లీ అదే పేరుతో ఇంకో ఫోల్డరు వస్తుంది. బయటిదాన్ని పెడితే ఆటకు కారు కనపడదు. కారు ఫోల్డరు తెరవగానే నేరుగా డేటా.ఏసీడీ (కారు నడక లెక్కల మూట), కేఎన్5 ఫైళ్లు (కారు 3డీ బొమ్మ), స్కిన్స్ (పైరంగులు), ఎస్ఎఫ్ఎక్స్ (శబ్దాలు), యూఐ (మెనూ వివరాలు) ఫోల్డర్లు కనిపించాలి. స్కిన్స్‌లో కనీసం ఒక స్కిన్ ఉండాలి. ఇంకో సంగతి, కారు ఫోల్డరు పేరు మార్చకండి. డేటా.ఏసీడీ అనే మూట తాళం ఆ ఫోల్డరు పేరు మీదే ఆధారపడి ఉంటుంది. జాబితాలో అందంగా ఉంటుందని పేరు మార్చితే మూట విప్పుకోవడం ఆటకు చేతకాదు, ట్రాకు లోడ్ అవుతూనే కూలిపోతుంది. జాబితాలో కనిపించే పేరు మార్చాలంటే యూఐ ఫోల్డరులోని యూఐ_కార్.జేసన్‌లో మార్చాలి, లేదా కంటెంట్ మేనేజర్‌లో కారు పేజీలోనే మార్చుకోవచ్చు.

లోడ్ అవుతూ కూలిపోవడానికి ఇంకా మూడు కారణాలు తరచూ తగులుతాయి. కారులోని డిజిటల్ మీటరుకు కావాల్సిన ఫాంట్ కంటెంట్‌లోని ఫాంట్స్ ఫోల్డరులో లేకపోవడం ఒకటి. డ్రైవరు బొమ్మ ఫైలు లేకపోవడం రెండోది. ఈ రెండూ జిప్‌లో కార్స్ పక్కన వేరే ఫోల్డర్లలో ఉంటాయి, చేత్తో వేసేవాళ్లు వాటిని వదిలేస్తారు. మూడోది ప్యాచ్ వెర్షన్. కార్.ఐఎన్ఐ మొదట్లో హెడర్ కింద వెర్షన్ దగ్గర ఎక్స్‌టెండెడ్ అని ఉంటే ఆ కారు కస్టమ్ షేడర్స్ ప్యాచ్ లేకుండా కదలదు. తాళం వేసిన కేఎన్5తో వచ్చే డబ్బు మోడ్‌లకు కూడా ఫలానా వెర్షన్ లేదా ఆపైది కావాలని షరతు ఉంటుంది, అది చదివి వేయండి. ఏం జరిగిందో తెలియనప్పుడు డాక్యుమెంట్స్‌లోని అసెట్టో కోర్సా ఫోల్డరులో లాగ్స్ తెరిచి, లాగ్.టీఎక్స్‌టీ చివరి వరసలు చూడండి. ఆఖరున చదవబోయిన ఫైలు పేరు అక్కడ ఉంటుంది, దోషి చాలాసార్లు అదే.

కారు లోడ్ అయింది. ఇప్పుడు అసలు పరీక్ష.

ఇంటర్నెట్‌లో ఒక మోడ్ బొమ్మలో మెరిసిపోతుంది. లోపల ఏముందో చూడాలంటే డేటా మూట విప్పాలి. కంటెంట్ మేనేజర్‌లో డెవలపర్ మోడ్ ఆన్ చేస్తే (అబౌట్ పేజీలో వెర్షన్ నంబరు మీద వరసగా నొక్కితే తెరుచుకుంటుంది) కారు పేజీలో డేటా విప్పే అవకాశం వస్తుంది. వచ్చిన ఫోల్డరులోవి మామూలు టెక్స్ట్ ఫైళ్లే, నోట్‌ప్యాడ్‌లో చదవొచ్చు. తాళం వేసి ఇచ్చేవాళ్లు కొందరున్నారు, వాళ్ల కార్లను నడిపి చూసి తేల్చుకోవాల్సిందే.

ఉదాహరణకు మనందరికీ తెలిసిన కారునే తీసుకుందాం. మారుతి 800 పేరుతో ఒక మోడ్ మీ చేతికొచ్చిందనుకోండి. 1983 డిసెంబరు నుంచి 2014 జనవరి దాకా తయారైన కారు, మన జిల్లాల్లో దాన్ని నడపని ఇల్లు తక్కువ. 796 సీసీ, 3 సిలిండర్లు, తర్వాతి రోజుల మోడల్‌లో 37 బీహెచ్‌పీ, 59 న్యూటన్ మీటర్ల టార్క్, బరువు సుమారు 650 కిలోలు, ముందు చక్రాలకు శక్తి, టైర్లు 145/70 ఆర్12, చక్రాల మధ్య దూరం 2175 మిల్లీమీటర్లు. ఈ ఆరేడు అంకెలు చాలు మోడ్ నిజమో కాదో పట్టుకోవడానికి.

కార్.ఐఎన్ఐలో టోటల్‌మాస్ చూడండి. ఆ అంకెలో డ్రైవరు బరువు 75 కిలోలు కూడా కలిసి ఉండాలి, కాబట్టి 725 అటూ ఇటూ రావాలి. 1200 కనిపిస్తే ఎవరో వేరే కారు ఫైలు తెచ్చి పెట్టారు. దాని పక్కనే ఇనర్షియా అని మూడు అంకెలు ఉంటాయి: వెడల్పు, ఎత్తు, పొడవు, మీటర్లలో. 800 పొడవు 3.3 మీటర్లు. ఆ చివరి అంకె 4.5 ఉంటే కారు మలుపు తిరగడంలో పెద్ద కారులా బద్ధకిస్తుంది, మీరు స్టీరింగు సెట్టింగులు మార్చుకుంటూ కూర్చుంటారు గానీ తప్పు అక్కడ ఉండదు.

డ్రైవ్‌ట్రెయిన్.ఐఎన్ఐలో ట్రాక్షన్ టైప్ ఎఫ్‌డబ్ల్యూడీ (ముందు చక్రాలకు శక్తి) ఉండాలి. ఆర్‌డబ్ల్యూడీ (వెనక చక్రాలకు) ఉంటే అక్కడితో ఆ మోడ్ చెరిపేయొచ్చు. పవర్.ఎల్‌యూటీలో ఎడమ ఆర్‌పీఎం, కుడి టార్క్. ఇది ఇంజిన్ దగ్గరి టార్క్ కాదు, గేర్లలో పోయేది పోగా చక్రాలకు చేరేదాని లెక్క. అందుకే 59 బదులు గరిష్ఠం 50, 51 దగ్గర ఉంటే తయారుచేసినవాళ్లకు పని తెలుసు. సరిగ్గా 59 పెట్టినా మన్నించవచ్చు. 150 పెడితే అది 800 కాదు. శక్తి సరిచూసుకోవడానికి టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 9549తో భాగించండి, కిలోవాట్లు వస్తాయి. 37 బీహెచ్‌పీ అంటే 27.6 కిలోవాట్లు.

టైర్స్.ఐఎన్ఐలో రేడియస్. 12 అంగుళాల రిమ్ అంటే 304.8 మిల్లీమీటర్లు, అందులో సగం 152.4. టైరు గోడ ఎత్తు 145లో 70 శాతం, అంటే 101.5. కలిపితే 253.9, ఫైలులో 0.254 ఉండాలి. ఇది తప్పితే గేర్ల వేగమంతా తప్పుతుంది. గేర్ల లెక్క కూడా తేలికే: ఆర్‌పీఎం, రేడియస్, 0.377 మూడూ గుణించి, గేరు నిష్పత్తిని ఫైనల్ నిష్పత్తితో గుణించగా వచ్చినదాంతో భాగిస్తే గంటకు కిలోమీటర్లు. ఆ నిష్పత్తుల లబ్ధం 3.9 అయితే 5000 ఆర్‌పీఎం దగ్గర 123 కిలోమీటర్ల వేగం. హైవే మీద ఒంగోలు నుంచి కావలి దాకా 800 తోలినవాళ్లకు టాప్ గేరులో ఏ వేగానికి ఇంజిన్ ఎలా మోగుతుందో చెవికే తెలుసు. మోడ్ ఆ మోతకు దూరంగా ఉంటే ఫైలులో నిష్పత్తులు చూడండి.

టైర్ల పట్టు డీవై_రెఫ్, డీఎక్స్_రెఫ్ అనే అంకెల్లో ఉంటుంది. మొదటిది పక్కకు, రెండోది ముందువెనకలకు. రోడ్డు టైరుకు 1.2 చుట్టుపక్కల ఉండటం సబబు. 1.5 దాటితే అది రేసులకు వాడే గాళ్లు లేని స్లిక్కు టైరు, రోడ్డు కారుకు అంటగట్టారు. పైన వెర్షన్ అనే అంకె 10 ఉందో లేదో చూడండి. కూనోస్ చివరికి వచ్చి ఆగిన టైరు లెక్క అది. తొలి ఏళ్ల మోడ్‌లలో ఇంకా చిన్న అంకెలుంటాయి, అవి పాత లెక్క మీదే నడుస్తాయి. మోడ్ కార్లన్నీ ఒకేలా అనిపించడానికి అసలు కారణం నా దృష్టిలో ఇక్కడే ఉంది. బొమ్మ గీయడం వచ్చినవాళ్లు టైరు ఫైలును ఏదో ఒక కూనోస్ కారు నుంచి తీసి అన్నింటికీ అదే అతికిస్తారు. మీ దగ్గరున్న పది మోడ్‌ల టైర్స్.ఐఎన్ఐలు పక్కపక్కన తెరిచి చూడండి, అంకెలు అక్షరం పొల్లు పోకుండా ఒకటే అయితే ఒక్కటి ఉంచుకుని మిగతావి తీసేయండి.

సస్పెన్షన్స్.ఐఎన్ఐలో వీల్‌బేస్ 2.175 ఉండాలి. ముందు సస్పెన్షన్ టైప్ స్ట్రట్ ఉండాలి. స్ప్రింగ్ రేట్ న్యూటన్లు పర్ మీటర్‌లో ఉంటుంది, దాన్ని కూడా లెక్కతో పట్టుకోవచ్చు. ముందు ఒక్కో చక్రం మీద స్ప్రింగు మోసే బరువు 200 కిలోలనుకుంటే, రోడ్డు కారు ఊగే వేగం సెకనుకు ఒకటిన్నర సార్లు అనుకుంటే, స్ప్రింగు 17,800 దగ్గర రావాలి. 15 వేలో 20 వేలో ఉంటే సరే. 1,20,000 ఉంటే అదే బరువుకు ఊపు సెకనుకు నాలుగు దగ్గరికి పోతుంది, అది రెక్కలున్న రేసు కారు స్ప్రింగు. అలాంటి కారు నున్నటి ట్రాకు మీద బాగానే ఉన్నట్టు అనిపించి, జర్మనీలోని నార్డ్‌ష్లైఫె ట్రాకు లాంటి ఎగుడుదిగుడు దారిలో బంతిలా ఎగురుతుంది. కొత్త కారును మొదట మజియోనె లాంటి చిన్న ట్రాకు మీద, తర్వాత నార్డ్‌ష్లైఫె మీద తోలమనేది అందుకే. కారు పిట్‌లో (ట్రాకు పక్క కార్లు ఆగే చోట) నిలబడి ఉండగానే వణుకుతున్నా, చిన్న గట్టు ఎక్కగానే పల్టీ కొట్టినా కారు దేన్నైనా గుద్దుకునే హద్దులు చెప్పే కొలైడర్.కేఎన్5 నేలకు మరీ కిందికి ఉండి ఉండొచ్చు.

గూడూరు, కావలి, ఒంగోలు వైపు ఇంజినీరింగ్ కాలేజీల్లో బాహా, ఫార్ములా అనే విద్యార్థుల బండి తయారీ పోటీలకు బండ్లు కట్టేవాళ్లకు ఈ ఫైళ్లు ఇంకో విధంగా పనికొస్తాయి. స్ప్రింగు మార్చితే, బరువు వెనక్కి జరిపితే కారు ఏం చేస్తుందో స్టీరింగు పట్టుకుని తెలుసుకోవచ్చు. ప్రయోగానికి ముందు డేటా.ఏసీడీ పేరు మార్చి పక్కన పెట్టండి, అప్పుడు ఆట విప్పిన ఫోల్డరునే చదువుతుంది. పని అయ్యాక ఆ ఫోల్డరు తీసేసి అసలు మూటను పాత పేరుతో తిరిగి పెట్టుకోండి.

స్టీరింగు బరువు ఒక్కో మోడ్‌లో ఒక్కోలా ఉంటుంది. కార్.ఐఎన్ఐలో స్టీరింగు చేతిని నెట్టే బలం చెప్పే ఎఫ్ఎఫ్‌మల్ట్ ఎక్కువ పెడితే లాజిటెక్ జీ29 లాంటి చిన్న స్టీరింగులో మోటారు చివరిదాకా పోయి అక్కడే బిగుసుకుంటుంది, టైరు జారుతున్న కబురు చేతికి అందదు. దీనికి ఫైలు ముట్టుకోనక్కర్లేదు. ట్రాకు మీద ఉండగానే నంబర్ ప్యాడ్ ప్లస్, మైనస్ మీటలతో ఆ ఒక్క కారుకు తగ్గించుకోవచ్చు, ఆట గుర్తుపెట్టుకుంటుంది.

గ్రాఫిక్స్ మెమరీ విషయంలో రకరకాల కార్లకు ఖరీదు ఉంది. 20 కార్ల రేసులో 20 ఒకే రకం కార్లయితే 3డీ బొమ్మ ఒక్కటే, స్కిన్‌లు మాత్రమే వేరు. 20 వేర్వేరు మోడ్‌లైతే 20 బొమ్మలు, వాటి టెక్స్చర్లన్నీ (బొమ్మ మీద పరిచే చిత్రాలు) మెమరీలోకి ఎక్కాలి. 4096 చదరపు టెక్స్చర్ ఒకటి కుదించకుండా పెడితే 64 ఎంబీ, డీఎక్స్‌టీ5 అనే కుదింపు పద్ధతిలో 16, డీఎక్స్‌టీ1లో 8. నాసి మోడ్‌లలో కుదించనివి పది పదిహేను ఉంటాయి. అలాంటి కార్లు పది చేరితే 8 జీబీ కార్డు ఊపిరాడక ఆట కుదుపులు మొదలుపెడుతుంది. లాడ్స్.ఐఎన్ఐలో దూరం నుంచి చూపించే తేలిక బొమ్మలు లేకపోతే అర కిలోమీటరు అవతల చుక్కలా కనిపించే కారును కూడా లక్షల త్రిభుజాలతో గీయాల్సి వస్తుంది. వేసవిలో, ముఖ్యంగా రోహిణి కార్తె నాటికి నెల్లూరు గదిలో ఏసీ లేకుండా ఇలాంటి గ్రిడ్ (రేసులో నిలిచే కార్ల వరస) పెడితే కార్డు వేడెక్కి తానే వేగం తగ్గించుకుంటుంది. సెకనుకు గీసే ఫ్రేములను 60కి కట్టేసి, పోటీ కార్ల సంఖ్య తగ్గించడం తక్షణ ఉపాయం. ప్రాసెసర్ సంగతి వేరు. భౌతిక లెక్కలు సెకనుకు 333 సార్లు జరుగుతాయి, కంప్యూటరు నడిపే కార్లకూ అదే లెక్క. పాత ప్రాసెసర్ మీద 24 కార్లు పెడితే ప్రాసెసర్ నిండిపోయిందనే ఆక్యుపెన్సీ హెచ్చరిక తెర మీదే కనిపిస్తుంది.

కంప్యూటరు నడిపే కార్లతో పోటీ పెట్టేటప్పుడు ఏఐ.ఐఎన్ఐ చూసుకోండి. గేర్లు పైకి మార్చే ఆర్‌పీఎం ఇంజిన్.ఐఎన్ఐలోని లిమిటర్ (ఇంజిన్ దాటలేని ఆర్‌పీఎం) కంటే ఎక్కువ ఉంటే ఆ కారు ఎప్పటికీ గేరు మార్చదు, మొదటి గేరులో మొత్తుకుంటూ ట్రాకంతా అడ్డంగా ఉంటుంది. లిమిటర్ కంటే రెండు మూడు వందలు తక్కువ పెడితే సర్దుకుంటుంది. గ్రిడ్‌లో ఎన్ని కార్లు పట్టాలన్నది ట్రాకులోని పిట్ స్థలాల సంఖ్య మీద ఉంటుంది, కార్లెన్ని ఉన్నా అంతకు మించవు. బుద్ధ్ సర్క్యూట్ మోడ్ మీద మనవాళ్లు సరదాపడి గ్రిడ్ నింపుతారు. 5.125 కిలోమీటర్ల ట్రాకు, 2011 నుంచి 2013 దాకా ఫార్ములా వన్ జరిగిన చోటు, పొడవాటి వెనకవైపు నేరు దారిలో శక్తి తేడా వెంటనే బయటపడుతుంది. వేర్వేరు కార్లను దగ్గర చేయడానికి కంటెంట్ మేనేజర్ గ్రిడ్‌లో ఒక్కో కారుకు అదనపు బరువు కిలోల్లో, ఇంజిన్‌లోకి వెళ్లే గాలికి అడ్డు (రెస్ట్రిక్టర్) శాతంలో ఇవ్వొచ్చు. మొదట బరువుతో సర్దండి, మలుపుల్లోనూ తేడా తగ్గుతుంది. రెస్ట్రిక్టర్ ఇంజిన్ శక్తినే తగ్గిస్తుంది, కాబట్టి ఎక్కువగా నేరు దారిలోనే పనిచేస్తుంది.

ఎక్కడ దించుకోవాలి? ఒకప్పుడు రేస్‌డిపార్ట్‌మెంట్‌గా ఉన్న ఓవర్‌టేక్ సైటులో ఉచిత మోడ్‌లకు కొదవ లేదు, వేరే ఆటల నుంచి దొంగిలించిన బొమ్మలను అక్కడ రానివ్వరు. డబ్బు పెట్టేవాళ్లకు రేస్ సిమ్ స్టూడియో, వర్చువల్ రేసింగ్ కార్స్ అనే జట్లున్నాయి, వాటి పని కూనోస్‌కు దీటుగా ఉంటుంది, ఒకదానికొకటి దీటైన కార్లు కొన్ని కలిపి ఒకేసారి వస్తాయి. వేరే ఆటల నుంచి పీకిన కార్లను ప్యాకులుగా అమ్మే సైట్లకు దూరంగా ఉండండి. హక్కుల సంగతి అటుంచినా, ఆ బొమ్మల కింద ఉన్నది పైన చెప్పిన అతుకుల డేటాయే. ఇంకో జాగ్రత్త: కారు మోడ్‌లో ఈఎక్స్ఈ ఫైలు ఉండాల్సిన అవసరం ఎప్పుడూ రాదు. ఉంటే తెరవకుండా మొత్తం చెరిపేయండి. 15 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ మీద 1 జీబీ దిగడానికి 9 నిమిషాలు పడుతుంది, 40 జీబీ ప్యాకుకు 6 గంటలు. విడివిడిగా ఎంచుకుని దించుకోవడమే తెలివైన పని.

నలుగురు కలిసి ఆడేవాళ్లకు, గేమ్ సెంటరు పెట్టాలనుకునేవాళ్లకు చెప్పాల్సినవి రెండు ఉన్నాయి. లాన్‌లో (ఒకేచోటి కంప్యూటర్లను కలిపే నెట్‌వర్కులో) సర్వరు నడిపితే ప్రతి కంప్యూటరులోని డేటా.ఏసీడీ సర్వరులోదానితో సరిపోవాలి, ఒక్క అక్షరం తేడా ఉన్నా చెక్‌సమ్ (రెండు ఫైళ్లూ ఒకటేనా అని చూసే లెక్క) తప్పి బయటికి నెట్టేస్తుంది. ఒక యంత్రంలో మోడ్‌లు సిద్ధం చేసి, ఆ కార్ ఫోల్డర్లనే మిగతావాటికి కాపీ చేయండి, ఒక్కోదాంట్లో విడిగా దించొద్దు. మామూలుగా సర్వరుకు 9600, 8081 పోర్టులు ఫైర్‌వాల్‌లో తెరవాలి. రెండోది లైసెన్సు. స్టీమ్‌లో కొన్న ఆట సొంత వాడకానికే, గంటకింత అని డబ్బు తీసుకుంటే వ్యాపార లైసెన్సు వేరుగా తీసుకోవాలి. మోడ్‌ల షరతులు కూడా ఒక్కోటి చదవాలి, డబ్బు సంపాదనకు వాడొద్దని చాలామంది రాసే ఉంచుతారు.

లోపాలు లేవని కాదు. ఈ ఆటలో వాన, రాత్రి, మంచి వెలుతురు అన్నీ ప్యాచ్ దయే, అసలు ఆటలో లేవు. ప్యాచ్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఏదో ఒక పాత కారు లైట్లో అద్దాలో తేడా చేస్తాయి. అందుకే అంతా బాగా నడుస్తున్నప్పుడు ప్యాచ్ మార్చకండి. వాడని కార్లను చెరపకుండా కంటెంట్ మేనేజర్‌లో ఆపేస్తే అవి కార్స్-ఆఫ్ ఫోల్డరుకు వెళ్తాయి, మెనూ తేలికగా తెరుచుకుంటుంది, కావాల్సినప్పుడు తిరిగొస్తాయి. ఫైళ్లు తెరిచి చూసే ఓపిక అసలు లేనివాళ్లు ఈ దారి పట్టొద్దు. వాళ్లకు ఆటోమొబిలిస్టా 2 అనే ఇంకో రేసు ఆట నయం, రకరకాల కార్లు కంపెనీయే సిద్ధం చేసి ఇస్తుంది. జీటీ3 కార్లు (రోడ్డు స్పోర్ట్స్ కార్ల నుంచి చేసిన రేసు కార్ల తరగతి) మాత్రమే చాలనుకుంటే కాంపెటిజియోనె తీసుకోండి. ఐరేసింగ్ అనే ఆన్‌లైన్ రేసు ఆటలో చందా కాక చాలా కార్లకు విడిగా ధర కట్టాలి, ఆన్‌లైన్ పోటీయే లోకమనుకునేవాళ్లకు తప్ప అంత ఖర్చు అక్కర్లేదు.